వడ్డీ పెరిగిన వేసవి

ఆ వేసవిలో వడ్డీ రేటు పెరిగినప్పుడల్లా మా అత్తయ్య ఇంటిల్లిపాదికీ ఐస్‌క్రీం కొనిపెట్టింది. అది పెరిగిన ప్రతిసారీ తన డబ్బు తరిగిపోతోందన్న సంగతి ఆవిడకి తెలియదు. మాకు తెలుసు. తెలిసే తిన్నాం.

అత్తయ్య ఒక పెద్ద బడి క్యాంటీన్‌లో ఏళ్ళ తరబడి వంట చేసి, చేయించి, రిటైరైంది. వెళ్ళేటప్పుడు బడివాళ్ళు ఇచ్చిన మొత్తాన్ని తీసుకెళ్ళి బాండ్ల ఫండ్‌లో పెట్టింది. సలహా ఇచ్చింది మా ఆయనే. ఫండ్లు అమ్మే ఆఫీసులో కౌంటర్ దగ్గర ఆయన ఉద్యోగం. ప్రభుత్వాలకీ, పెద్ద పెద్ద కంపెనీలకీ మన డబ్బు అప్పుగా వెళుతుంది, వాళ్ళు వడ్డీ కడతారు, పదేళ్ళు కదపకుండా ఉంచుకుంటే నిశ్చింత అని వాళ్ళమ్మకి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఆవిడకి అందులో 'వడ్డీ', 'నిశ్చింత' అన్న రెండు మాటలే వినబడ్డాయి. 'పదేళ్ళు' అన్నది గాలికి పోయింది.

మామయ్యది వేరే దారి. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. తన డబ్బు తాను తీసుకెళ్ళి షేర్ల ఫండ్‌లో పెట్టుకున్నారు. షేర్లంటే అత్తయ్యకి ఒళ్ళు మంట. వాళ్ళ పెద్దన్నయ్య ఒకప్పుడు వాటిలో నిలువునా మునిగాడట. అందుకని ఇద్దరి డబ్బుకీ ఆవిడే పేర్లు పెట్టింది. తనది పూటపూటకీ పాలిచ్చే ఆవు. ఆయనది ఎప్పుడు ఎవర్ని కింద పడేస్తుందో తెలియని గుర్రం. ఆ పేర్లు ఇంట్లో ఎంతగా పాతుకుపోయాయంటే, కొత్తగా వచ్చినవాళ్ళు మాకు పెరట్లో పశువులున్నాయనుకునేవారు.

ఇక నా సంగతి. నేను కళ్ళ ఆసుపత్రిలో రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. వచ్చినవాళ్ళకి వరుస నంబర్లిచ్చి కూర్చోబెట్టడం నా పని. లోపలి గదిలో చీకటి చేసి, ఒక్కో అద్దం మార్చి మార్చి చూపిస్తూ, "ఇది బాగుందా, ఇంతకు ముందుది బాగుందా?" అని అడిగే ఆవిడ గొంతు తలుపు సందులోంచి వినబడేది. ఆ పని నేను చేయాలని నాకు పిచ్చి కోరిక. మూడేళ్ళ చదువు. పరీక్ష రాశాను, సీటొచ్చింది. ఫీజు మొత్తం ఒకేసారి, వేసవి అయ్యేలోగా కట్టాలి. కట్టకపోతే ఆ సీటు తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది. మేమిద్దరం కూడబెట్టుకున్నదంతా అంతకు ముందు ఏడాది నా ఆపరేషన్‌కి హరించుకుపోయింది. బయట అప్పు చేద్దామన్న మాట అత్తయ్య దగ్గర ఎత్తితే ఒంటికాలి మీద లేస్తుంది.

సీటొచ్చిందని చెప్పిన రోజు ఆవిడ స్టవ్ దగ్గరనుంచి వెనక్కి తిరగను కూడా తిరగలేదు.

"ఫీజు సంగతి నాకొదిలెయ్. ఆవుంది," అంది.

పుట్టింటివాళ్ళు కూడా, పెళ్ళయ్యాక ఇంకా చదువేంటని మూతి ముడుచుకున్న రోజులవి. ఆ ఒక్క మాటకి నాకు కొండంత అండ దొరికినట్టయింది.

వేసవి మొదలైన వారంలోనే మొదటి కబురొచ్చింది. వంటింటి కిటికీలో రేడియో మోగుతోంది. ధరలు మండిపోతున్నాయి కాబట్టి కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు పెంచిందని చెప్పారు. అత్తయ్య చేతిలో గరిటె పక్కన పెట్టి, చెవి ఒగ్గి, రెండోసారి కూడా విని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వీధి చివరిదాకా వెళ్ళిపోయింది. వచ్చేటప్పుడు చంకలో పెద్ద డబ్బా.

"వడ్డీ పెరిగింది. మన ఆవు ఇవాళ్టి నుంచి ఎక్కువ పాలిస్తుంది," అంటూ అందరికీ గిన్నెలు సర్దింది. మామయ్య గిన్నె ముందు మాత్రం ఒక నిమిషం ఆగింది. ఆ వార్తకి షేర్లు దభీమని పడ్డాయని కూడా రేడియోలో చెప్పారు మరి. పాపం గుర్రం కాలు విరిగిందట కదా, కట్టు కట్టించారా, గడ్డి తింటోందా అని ఆరా తీసి, జాలిపడినట్టు ఆయనకో గరిటె ఎక్కువే వేసింది. మామయ్య తలొంచుకుని తిన్నారు. మా ఆయన ఆఫీసునుంచి వచ్చి, గుమ్మంలోనే గిన్నె చూసి, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

గదిలోకి వచ్చి చొక్కా మార్చుకుంటూ నాకు అసలు సంగతి చెప్పాడు. అమ్మ ఫండ్‌లో ఉన్నవన్నీ పాత బాండ్లు, పాత వడ్డీకి ఏళ్ళ తరబడి కట్టుబడి ఉన్నవి. ఇప్పుడు కొత్తగా వచ్చేవి ఎక్కువ వడ్డీ ఇస్తాయి. కాబట్టి పాతవాటి ధర పడిపోతుంది. ఎంత ఎక్కువ కాలానివైతే అంత ఎక్కువగా పడతాయి. అమ్మవి బాగా ఎక్కువ కాలానివి.

"అంటే ఇవాళ గుర్రమే కాదు, ఆవు కూడా పడిందా?" అన్నాను.

"రెండూ పడ్డాయి. ఆవు పడ్డట్టు అమ్మకి తెలియదు."

వెళ్ళి చెప్పేద్దామని తలుపు దాకా వెళ్ళాడు. వంటింట్లో ఆవిడ డబ్బా అడుగు గీకుతూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. వెనక్కి వచ్చేశాడు. రేపు చెబుతానన్నాడు. ఆ రేపు రావడానికి వేసవంతా పట్టింది.

మామయ్యకి ఆదివారం పొద్దున్నే ఒక వ్యసనం. ఊరి చివర పాత బండ్లు అమ్మే ఆవరణ ఉంది. అక్కడొక పాత వ్యాను. దాని లోపల మంచం, చిన్న స్టవ్ అమర్చుకుని సముద్రం పక్క రోడ్లన్నీ అత్తయ్యని తిప్పాలని ఆయన కోరిక. గుర్రాన్ని మేపుతున్నది అందుకే. అత్తయ్యకి ఆ ఊసెత్తితే, జీవితమంతా బస్సు తోలింది చాలలేదా అనేది. ఆ వారం కూరగాయలకని నన్ను తోడు తీసుకెళ్ళి, తిన్నగా అక్కడికే నడిపించారు. వ్యాను చుట్టూ తిరుగుతూ టైర్లని కాలితో తట్టారు. ఆ తట్టడంలోనే మాటల్లో మాటగా అన్నారు.

"మీ అత్తయ్య ఆవు పడింది కదూ."

 ఆయన రోజూ పేపర్లో రెండు ఫండ్ల ధరలూ చూస్తారట. తనది చూశాక ఆవిడదీ చూస్తారట, అలవాటుగా.

"చెప్పకమ్మా. రిటైరయ్యాక మీ అత్తయ్య ఇంత హుషారుగా ఉండటం ఇప్పుడే చూస్తున్నాను. వంట చేసే మనిషికి ఒక్కసారిగా వండి పెట్టడానికి బడి పిల్లలు లేకపోతే ఎలా ఉంటుందో నీకు తెలియదు. నన్ను ఆడిపోసుకుంటోందా, ఆడిపోసుకోనీ."

"మరి నా ఫీజు?" అని నోటిదాకా వచ్చింది. అడగలేకపోయాను. ఆయనే నా ముఖం చూసి, చూద్దాం, ఇంకా రోజులున్నాయి అన్నారు. ఆ 'చూద్దాం'లో ఏముందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఎండలు ముదిరాక రెండోసారి పెరిగింది. మళ్ళీ డబ్బా, మళ్ళీ గిన్నెలు, మళ్ళీ గుర్రం మీద జోకులు. ఈసారి తమాషా ఏమిటంటే, గుర్రం పడలేదు. మా ఆయన చెప్పిందాన్ని బట్టి షేర్ల ఫండ్ చూపు ఒక్క వడ్డీ మీదే ఉండదు. కంపెనీల లాభాల మీద కూడా ఉంటుంది. మొదట బెదిరి పడిపోయినా, ఆ వేసవిలో కంపెనీలకి లాభాలు బాగా రావడంతో అది కుంటుకుంటూ లేచి, నడిచి, కొన్న ధర కూడా దాటింది. ఆవు చూపు మాత్రం వడ్డీ మీదే. అది పెరిగిన కొద్దీ ఇది కూలబడుతూ వచ్చింది. పదో వంతు పోయింది.

మామయ్య ఒక్కసారి పేపర్ మడత విప్పి పెడితే చాలు, ఆ వేసవంతా పడ్డ మాటలకి వడ్డీతో సహా బదులు తీర్చుకోవచ్చు. ఆయన నోరు మెదపలేదు. గుర్రం ఎలా ఉందని అత్తయ్య అడిగితే, ఏదో పడి ఉందిలే అని అబద్ధమాడేవారు. నేను ఎదురుగా కూర్చుని ఐస్‌క్రీం గుటకలు మింగేదాన్ని. ఒక మనిషి గెలిచి కూడా ఓడినట్టు కూర్చోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఆ రోజుల్లోనే నేను సీటు వదులుకోవడానికి సిద్ధపడ్డాను. పదో వంతు పోయాక ఆవు మొత్తం అమ్మినా ఫీజుకి చాలదు. చాలని డబ్బు కోసం ఆవిడ దాచుకున్నదంతా తుడిచిపెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ మాటే మా ఆయనతో అన్నాను. రిసెప్షన్ కుర్చీ ఏమంత పాడుగా ఉందని పైకి నవ్వాను కూడా. ఆసుపత్రిలో మాత్రం ఆ లోపలి గది తలుపు మూసి ఉన్నప్పుడే అటు వెళ్ళేదాన్ని.

మూడోసారి పెరిగేసరికి అత్తయ్య ఆనందం ఇంట్లో పట్టలేదు. ఇంత మేలు చేసిన ఆఫీసువాళ్ళకి ఏమీ పెట్టకపోతే ఏం బాగుంటుందని, గరిటె, కాగితం గిన్నెలు సంచిలో వేసి, రెండు పెద్ద డబ్బాలు కొని, ఒకటి నా చేతికిచ్చి బస్సెక్కించింది. వద్దని చెప్పబోయాను. డబ్బా కరిగిపోతుంది, తొందరగా నడువు అంది.

ఆ రోజు ఆ ఆఫీసు ఎలా ఉందో ఎలా చెప్పను. కౌంటర్ ముందు జనం. అందరూ బాండ్ల ఫండ్‌వాళ్ళే. షేర్లంటే భయమని, ఇందులో డబ్బు పోదని నమ్మి పెట్టామని, ఇదేమిటని గొంతులు పెంచి అడుగుతున్నారు. మా ఆయన, పక్కన మేనేజరు, నీళ్ళు నములుతూ సర్దిచెబుతున్నారు. సరిగ్గా ఆ మధ్యలోకి మా అత్తయ్య నవ్వుతూ వెళ్ళి, మూత తీసి, "వడ్డీ పెరిగిన సందర్భంగా అందరూ తీసుకోండి," అంది.

 ముందు వరుసలో ఉన్న ఒక పెద్దాయన, వెక్కిరించడానికి వచ్చావా అమ్మా అని అడిగారు. మేనేజరు ముఖం జేవురించింది. మా ఆయన కౌంటర్ చుట్టూ తిరిగి వచ్చి, వాళ్ళమ్మ భుజం పట్టుకుని, సిబ్బంది భోజనం చేసే వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. నేను డబ్బాతో సహా వెనకే వెళ్ళాను.

"అమ్మా, నువ్వు క్యాంటీన్‌లో ఏడాది మొదట్లో కూపన్లు అమ్మేదానివి కదా," అన్నాడు. "కూపన్‌కి ఒక రొట్టె. మధ్యలో బడివాళ్ళు, ఇక మీదట కొత్త కూపన్‌కి రెండు రొట్టెలు ఇవ్వమన్నారనుకో. పాత కూపన్ ఉన్న పిల్లాడు దాన్ని పక్కవాడికి అమ్మబోతే, పాత ధరకి కొంటాడా?"

"ఎందుకు కొంటాడు? తగ్గించి ఇస్తే తప్ప."

"నీ ఫండ్ నిండా పాత కూపన్లేనమ్మా."

అత్తయ్య చేతిలోని గరిటె చివర చుక్క నేల మీద పడితే వంగి కొంగుతో తుడిచింది. తర్వాత ఒక ప్రశ్న వేసింది. పాత కూపన్లు అయిపోయాక ఫండ్‌వాళ్ళు కొనేది కొత్తవే కదా అని. అవునన్నాడు. కదపకుండా ఉంచితే, ఎక్కువ వడ్డీ వచ్చే కొత్తవి చేరుతూ చేరుతూ కొన్నేళ్ళకి పోయినదంతా పూడుతుందన్నాడు.

"కొన్నేళ్ళకి," అంది ఆవిడ. నా వైపు చూసింది. "దీని ఫీజు ఈ నెల్లోనే కదరా."

మా ఆయన తల దించుకున్నాడు. ఆవిడ కొడుకుని ఒక్క మాట అనలేదు. పదేళ్ళని నువ్వు చెప్పినట్టే గుర్తు, ఫీజుకని మాటిచ్చింది నేను, అంది. కొంగు దోపుకుని, గరిటె పుచ్చుకుని, మళ్ళీ హాల్లోకి వెళ్ళింది.

"బాబూ, నాదీ ఇదే ఫండు. నాదీ పోయింది. తెలియక పంచాను, ఏమనుకోకండి. కరిగిపోయేలోపు తినండి."

ముందు నవ్వింది ఆ పెద్దాయనే. తర్వాత ఒక్కొక్కరూ గిన్నె పట్టారు. అంత కోపంగా వచ్చిన జనం అంత నెమ్మదిగా వెళ్ళడం ఎప్పుడూ చూడలేదని మేనేజరు ఆ తర్వాత చాలా రోజులు చెప్పుకున్నాడట.

ఇంటికొచ్చాక మాత్రం అత్తయ్య ఒక మూల కూర్చుండిపోయింది. ఒక రోజంతా అలాగే ఉంది. ఆవిడ సంగతి మీకు చెప్పాలి. మా అత్తయ్య ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు. జ్వరంతో పడుకున్నా తన మంచినీళ్ళు తనే లేచి తెచ్చుకునేది. క్యాంటీన్‌లో పెద్ద పెద్ద గిన్నెలు కూడా ఒక్కతే దించేదట. పెట్టడం తెలుసు కానీ పుచ్చుకోవడం బొత్తిగా చేతకాదు. అలాంటి మనిషి ఇచ్చిన మాట పోతోంది. నేను దగ్గర కూర్చుని, సీటు సంగతి వదిలెయ్యండి అత్తయ్యా, వచ్చే ఏడు చూసుకుందాం అన్నాను. నా చేతిని తన ఒళ్ళోకి లాక్కుని ఉంచుకుంది కానీ, ఊఁ అనలేదు.

మర్నాడు పొద్దున మామయ్య వంటింట్లో కారుతున్న కొళాయి కింద తల దూర్చి బిగిస్తున్నారు. నేను కాఫీ గిన్నె కడగడానికి వేచి ఉన్నాను. అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ."

"ఊఁ."

"మీ గుర్రాన్ని అమ్మి అమ్మాయి ఫీజు కడతారా?"

బిగిస్తున్న చప్పుడు ఆగింది.

"ఎంత కావాలి?"

"మొత్తం."

"సరే," అన్నారు మామయ్య. మళ్ళీ చప్పుడు మొదలైంది. కాసేపటికి, ఆ పొడిగుడ్డ ఇలా ఇవ్వమన్నారు.

ఆవిడ గుడ్డ ఇచ్చి అక్కడే నిలబడింది. ఆవు పడ్డ సంగతి ముందే తెలుసా అని అడిగింది. మొదటి డబ్బా నాడే తెలుసన్నారు ఆయన.

"మరి నేనన్న మాటలన్నీ ఎందుకు పడ్డారు?"

"ఐస్‌క్రీం బాగుంది," అన్నారు ఆయన, కొళాయి కిందనుంచే.

ఆవిడ నవ్వబోయి ఏడ్చింది. మా ఎదుట ఏడవడం అదే మొదటిసారి. మామయ్య బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, గుర్రం మొదట్లో పడ్డప్పుడు తనకీ దిగులేసిందని, అది బాగా లేచేదాకా ఫీజు మాట ఎత్తకూడదనే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నానని చెప్పారు. మరి ఆ వ్యానో అని నేను గొణిగాను. దానికి ఇంజనే లేదమ్మా, ఎక్కడికి పోతుంది అన్నారు. అత్తయ్య తన ఆవుని ఆయన పేర రాసిస్తానని పట్టుబట్టింది. ఆయన ససేమిరా అన్నారు.

"దాన్ని కదపకు. ఇప్పుడు అమ్మితే పోయింది నిజంగా పోయినట్టే. ఈసారి నాది లేచింది కాబట్టి నాది కట్టింది. లాభాలు కూడా పడి ఉంటే నా గుర్రం ఇంకా నీ ఆవు కిందే పడుండేది. నేనేం గొప్పవాణ్ణి కాదు."

ఫీజు కట్టడానికి నలుగురం వెళ్ళాం. కిటికీ దగ్గర రసీదు నా చేతికొస్తే, అత్తయ్య దాన్ని తీసుకుని చదవకుండానే మామయ్యకిచ్చింది. ఆయన చదివి, మడిచి, నాకిచ్చారు.  మీ రుణం తీర్చుకోలేను అనబోతే, అప్పు అన్న మాట ఎత్తకు అంది అత్తయ్య. అందుకని ఆ రోజు ఊరుకున్నాను. ఇప్పుడైనా చెప్పుకోవాలి. చీకటి గదిలో నా ముందు కూర్చున్న మనిషికి ఒక అద్దం తీసి ఇంకొకటి పెట్టి, ఇది బాగుందా అని అడిగే ప్రతిసారీ, అడగడం చేతకాని మా అత్తయ్య నా కోసం అడిగిన ఆ ఉదయమే గుర్తొస్తుంది. వాళ్ళిద్దరూ దొరకడం నా అదృష్టం.

తర్వాత వడ్డీలు మళ్ళీ దిగాయి. ఆవు కొన్నేళ్ళకి తేరుకుంది, గుర్రం మధ్యలో ఒకసారి బోర్లా పడి లేచింది. ఇంట్లో వాటి గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ వేసవి మా ఇంట్లో మార్చింది వేరే. కొళాయి దగ్గర అడగడం మొదలుపెట్టిన అత్తయ్య ఆ తర్వాత ఆపలేదు. మొదట కిటికీ రెక్క తీయమంది. తర్వాత సూదిలో దారం ఎక్కించమంది. పెద్ద గిన్నె దించేటప్పుడు, రెండో పక్క పట్టమని మామయ్యని కేకేసింది.

నిన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి మంచం మీద బోర్లా పడుకుని ఉంది. "అమ్మాయ్, వీపు పట్టేసింది. నాకు అందటం లేదు. కాస్త ఈ మందు రాస్తావా?" అంది. చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చుని రాశాను. చాలా, ఇంకా రాయనా అని అడిగాను.

"ఇంకాస్త కిందికి," అంది అత్తయ్య.